హాన్ నదికి ఏ ఒడ్డున?

డనాంగ్‌కి మకాం మార్చే యువ జంటల్లో ఎక్కువమంది దిగేది ఒకే చోట: హాన్ నదికి తూర్పున, నదికీ సముద్రానికీ నడుమ ఇరుక్కున్న సన్నటి నేల మీద, మీ ఖే బీచ్‌ని ఆనుకున్న ఆన్ థువాంగ్ వీధుల్లో. ల్యాప్‌టాప్ మీద నడిచే ఉద్యోగాలున్న యూరప్, రష్యా, అమెరికా వాళ్లు, కొరియన్లు, ఈమధ్య మనవాళ్లూ అక్కడికే చేరుతున్నారు. హోటల్ బోర్డులు ఇంగ్లీషులో ఉంటాయి, ఇంటి ఓనరు ఫోన్‌లో అనువాదం యాప్ పెట్టి మాట్లాడతాడు, స్కూటర్ అద్దెకు దొరుకుతుంది, సాయంత్రం అయ్యేసరికి ఇసుకలో కూర్చోవచ్చు. ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఈ ఊరిని సముద్రం వైపు నుంచి అర్థం చేసుకోబోవడమే మొదటి పొరపాటని నా అభిప్రాయం. వియత్నాం నడిబొడ్డున ఉన్న ఈ తీరపట్నం అసలు నది ఊరు. దాని బజారు, వంట, మాట, వరద అన్నీ నది చుట్టూనే తిరుగుతాయి. తూర్పు ఒడ్డునే ఉండిపోయిన జంట రిసార్టుకి వెళ్లినట్టు లెక్క. వంతెన దాటి అవతలి ఒడ్డుకి అలవాటుపడ్డవాళ్లే డనాంగ్‌కి వెళ్లినట్టు.

పటంలో డనాంగ్ ఇంచుమించు మన మచిలీపట్నం ఉన్న అక్షాంశం మీదే ఉంటుంది. పేరు ఒకప్పుడు ఇక్కడ రాజ్యమేలిన చామ్ ప్రజల భాషది. పెద్ద నీరు, పెద్ద ఏరు అని అర్థం చెబుతారు. సముద్రం వైపు నుంచి ఈ ఊరికి మంచి తక్కువ, చెడు ఎక్కువ వచ్చింది. 1858 సెప్టెంబరులో ఫ్రాన్స్, స్పెయిన్ నౌకలు వియత్నాం మీద దాడి మొదలుపెట్టింది ఇక్కడే. తర్వాత ఫ్రెంచివాళ్లు దీనికి తురాన్ అని పేరు పెట్టుకుని ఏలారు. 1965 మార్చి 8న అమెరికా మెరైన్లు దిగింది ఈ ఊరి అఖాతం ఒడ్డునే. 1975 మార్చి 29న ఊరు ఉత్తర వియత్నాం సేనల చేతికి వచ్చింది. అమెరికన్లు విమానాశ్రయంలో నిల్వ ఉంచిన ఏజెంట్ ఆరెంజ్ విషం అక్కడి మట్టిలో దశాబ్దాలపాటు ఉండిపోయింది. ఆ మట్టిని తవ్వి, వేడిచేసి శుద్ధిచేసే పని 2012లో మొదలై 2018లో గానీ ముగియలేదు. ఇప్పుడు సెలవులకొచ్చే విమానాలు దిగేది ఆ విమానాశ్రయంలోనే.

ఊరు మాత్రం మొదటినుంచీ నదికి పడమటి ఒడ్డున పెరిగింది. కచేరీలు, బజార్లు, బడులు, చర్చి, ఆస్పత్రి అన్నీ అక్కడే. తూర్పు ఒడ్డు జాలర్లది, పేదలది. నీళ్లలో గుంజలు పాతి వాటిమీద రేకులు, చెక్కలతో కట్టిన గుడిసెలు తొంభైల చివరిదాకా ఆ ఒడ్డు పొడవునా ఉండేవి. ఊరి నడుమ నది దాటాలంటే ఫెర్రీ ఎక్కాల్సిందే. 1997 జనవరి 1న డనాంగ్‌ని క్వాంగ్ నామ్ ప్రావిన్సు నుంచి విడదీసి నేరుగా కేంద్రం అజమాయిషీ కింద ఉండే నగరంగా చేశారు. మూడేళ్లకే, 2000లో, హాన్ నది వంతెన తెరిచారు. నడిమి భాగం రాత్రిపూట తిరిగి ఓడలకు దారి ఇచ్చే ఆ వంతెనకు ఊరి జనం కూడా చందాలిచ్చారు. ఇప్పుడు వారాంతాల్లో నిప్పులు కక్కే డ్రాగన్ వంతెన ముందు విదేశీయులు ఫోన్లు ఎత్తి పట్టుకుంటారు. అది 2013లో తెరిచింది, ముచ్చటైనదే. కాని ఊరి రాత మార్చింది మాత్రం పెద్దగా ఎవరూ ఫొటో తీయని పాత వంతెనే.

ఆ మార్పు ఊరికే రాలేదు. గుంజల గుడిసెలు తీసేశారు, వీధులు వెడల్పు చేశారు, భూములు తీసుకున్నారు, కుటుంబాలను కుటుంబాలుగా కొత్త కాలనీలకు తరలించారు. ఆకలితో ఉన్న ఇల్లు, బిచ్చగాడు, నిరక్షరాస్యుడు, మత్తుమందు బానిస, దోపిడీ హత్య ఉండకూడదన్న ‘అయిదు లేవు’ కార్యక్రమం, దాని వెనకే ఇల్లు, పని, నాగరిక నడవడిక ఉండాలన్న ‘మూడు ఉన్నాయి’ కార్యక్రమం నడిపారు. ఈ కాలమంతా ఊరిని శాసించిన నాయకుడు న్గుయెన్ బా థాన్. 2015లో ఆయన చనిపోతే జనం వీధుల్లోకి వచ్చి సాగనంపారు. ఆయన భూముల లెక్కల మీద విమర్శలూ అప్పటికే ఉన్నాయి. రెండూ నిజమే. ఇవాళ విదేశీ జంట మెచ్చుకునే శుభ్రత, రాత్రి పదింటికి కూడా భయం లేని వీధి, బిచ్చగాళ్లు కనిపించకపోవడం ఇలా కట్టుకున్నవి. ఇల్లు వదిలి వెళ్లినవాళ్లు కట్టిన మూల్యం కూడా ఆ అద్దె గది ధరలో కలిసే ఉంది. తీరం పొడవునా హోయి ఆన్ పట్నం దాకా రిసార్టులు గోడలు కట్టేసుకుంటే సముద్రానికి దారి ఏదని అడిగింది ఊరివాళ్లే. 2017లో సోన్ ట్రా కొండ మీద అనుమతి లేకుండా వేసిన నలభై విల్లాల పునాదులు బయటపడితే గొడవపడిందీ వాళ్లే. ఎర్ర పిక్కల డూక్ కోతులు బతికే ఆ అడవి ఇంకా పచ్చగా ఉందంటే ఆ గొడవ కూడా ఒక కారణం.

మీ ఖేకి ఉత్తరాన, మాన్ థాయ్ సముద్రపు ఒడ్డున ఇప్పటికీ బోర్లించిన గుండ్రటి బుట్ట పడవలు కనిపిస్తాయి. కృష్ణలో, తుంగభద్రలో మన జాలర్లు తిప్పే పుట్టికి తోబుట్టువులు. వెదురు బద్దలు దగ్గరగా అల్లి, సందుల్లో పేడ మెత్తి, పైన చెట్టు బంకనూనె పట్టించి ఆరబెడతారు. నీటి చుక్క లోపలికి రాదు. మన పుట్టి నదిని వదిలి సముద్రంలోకి పోదు. వాళ్లది మనిషినీ వలనూ మోసుకుని అలల మీదికి ఎక్కుతుంది. తెల్లవారుజామున అయిదింటికి మీ ఖేలో ఈదేది కూడా డనాంగ్ వాళ్లే. ఈత కొట్టి, కాళ్లు కడుక్కుని, పనికి వెళ్లిపోతారు. ఎండెక్కాక వచ్చి పడుకునేది బయటివాళ్లు. అంటే సముద్రం కూడా ఊరివాళ్ల చేతిలో వేరు, అతిథుల చేతిలో వేరు.

దీనికి ఎవరైనా వెంటనే అనే మాట ఒకటుంది: చవకగా బతకొచ్చు, గాలి బాగుంటుంది, నాలుగేళ్లు హాయిగా గడపడానికి వెళ్లేవాళ్లకి నది ఏ ఒడ్డయితే ఏమిటి? చవక అన్న మాటను కాస్త విప్పి చూడాలి. రూపాయికి సుమారు 300 డాంగ్‌లు వస్తాయి కాబట్టి చేతిలో లక్షల నోట్లు ఆడతాయి, అది సరదా. డాలర్లలో జీతం వచ్చేవాడికి డనాంగ్ నిజంగానే చవక. విశాఖలోనో వరంగల్‌లోనో రూపాయల్లో సంపాదించేవాడికి మరీ అంత తేడా ఉండదు, పైగా తూర్పు ఒడ్డున విదేశీయుల వీధికి విదేశీయుల రేటే పడుతుంది. అదే ఫో నూడుల్స్, అదే కాఫీ వంతెన అవతల తక్కువకు దొరుకుతాయి. డబ్బు ఒక్కటే లెక్క అనుకున్నా, లెక్క పడమటి ఒడ్డు వైపే మొగ్గుతుంది.

రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. చట్టమే స్థిరపడనివ్వని చోట ఊరితో అంత చుట్టరికం ఎందుకు? నిజమే, వియత్నాం తలుపు వెడల్పుగానే తెరిచింది గాని లోపలి గదులకు తాళాలున్నాయి. 2023 ఆగస్టు 15 నుంచి అన్ని దేశాలవాళ్లకూ 90 రోజుల ఈ-వీసా ఇస్తున్నారు. ల్యాప్‌టాప్ ఉద్యోగులకంటూ ప్రత్యేక వీసా మాత్రం లేదు. చాలామంది మూడు నెలలకోసారి సరిహద్దు దాటి వచ్చి మళ్లీ మొదలుపెడతారు. అక్కడ ఉద్యోగం చేయాలంటే వర్క్ పర్మిట్ కావాలి, అది ఒక దఫాకి రెండేళ్లకు మించదు. దాని ఆధారంగా తాత్కాలిక నివాస కార్డు, ఆ కార్డు మీద భార్యకో భర్తకో ఆధారిత వీసా. అద్దెకు దిగిన ఇంటివాళ్లు మీ పేరు పోలీసుల దగ్గర నమోదు చేయించాలి. ఫ్లాటు కొనుక్కోవచ్చు, కాని 50 ఏళ్ల హక్కుకే, అదీ ఒక భవనంలో 30 శాతం ఫ్లాట్లు మించకుండా. భూమి అక్కడ పౌరులకే సొంతం కాదు, మనకెక్కడ అవుతుంది? స్కూటర్ విషయంలో మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఇంకొకటి: ఆర్టీవో ఆఫీసు ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది, వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందంది. అది జేబులో పెట్టుకుని ప్రమాదంలో చిక్కుకుంటే లైసెన్సు లేనట్టే.

అయినా ఈ అభ్యంతరం నా వాదనను బలపరుస్తుందే గాని పడగొట్టదు. కాగితం ఆధారంగా నిలబడలేని చోట మనుషుల ఆధారంగానే నిలబడాలి. ఇంటి ఓనరమ్మ, ఎదురింటి మెకానిక్, బజారులో ఆకుకూరలావిడ మీ మాట అర్థం చేసుకోకపోతే ప్రతి మూడు నెలలూ మీకు మొదటి నెలే. అక్కడే తెలుగువాళ్లకు ఒక చిన్న అనుకూలత ఉంది. వియత్నామీలో ‘నువ్వు’, ‘మీరు’ అన్న మాటలకు బదులు చుట్టరికపు పిలుపులు వాడతారు: ఆన్ అంటే అన్న, చి అంటే అక్క, ఎమ్ అంటే తమ్ముడో చెల్లెలో, బాక్ అంటే పెదనాన్నో పెద్దమ్మో. ముక్కూ మొహం తెలియని ఆటోవాలాని ‘అన్నా’ అని, కూరగాయలమ్మే ఆమెను ‘అక్కా’ అని పిలిచే మనకు ఆ మర్యాద కొత్తది కాదు. వాళ్లు ఒక అడుగు ముందుకు వేసి ‘నేను’ అనడానికీ అవే మాటలు వాడతారు. భార్య భర్తను పిలిచేదీ ‘ఆన్’ అనే, భర్త భార్యను పిలిచేదీ ‘ఎమ్’ అనే. తెలుగు ఆలుమగలు అర్థం విప్పి చూసుకోకుండా వాడేసుకోవడం మేలు. కష్టం స్వరాల దగ్గరుంది. ‘మ’ అన్న ఒక్క అక్షరం ఎత్తు మారితే దయ్యం, అమ్మ, సమాధి, గుర్రం, వరినారు అన్నీ అవుతుంది. పైగా డనాంగ్ యాస హనోయి పుస్తకాల్లో నేర్చుకున్న యాస కాదు.

పడమటి ఒడ్డు వంట నేర్చుకోవాలంటే కోన్ బజారుకి వెళ్లి మీ క్వాంగ్ గిన్నె ముందు కూర్చోవాలి. పసుపు కలిపిన వెడల్పాటి బియ్యపు సేమియా, అడుగున నాలుగు చెంచాల చారు మాత్రమే, పైన వేరుశెనగలు, కాల్చిన బియ్యపు అప్పడం, పక్కన అరటిపువ్వు తరుగుతో పచ్చి ఆకుల పళ్లెం. అప్పడం చేత్తో విరిచి అందులో వేసుకుని కలుపుకుని తినాలి. పప్పుచారులో అప్పడం నలిపేవాళ్లకు చేయి దానంతటదే వెళ్తుంది. రుచికి అడుగు చేపల సాస్. ఊరికి ఉత్తరాన నామ్ ఓ జాలరిపేటలో నెత్తళ్లను ఉప్పుతో నెలల తరబడి ఊరవేసి తీస్తారు. కనుక శాకాహారులు ఆకుకూర వేపుడును కూడా నమ్మకూడదు. అడగాల్సిన మాట ‘చయ్’. ఇరానీ హోటల్ అలవాటుతో ‘చాయ్’ అని సాగదీస్తే మాత్రం అర్థం కాదు. చాంద్రమాసంలో మొదటి రోజున, పదిహేనో రోజున అక్కడా చాలా ఇళ్లలో నీచు ముట్టరు. ఆ రోజుల్లో చయ్ హోటళ్లు కిటకిటలాడతాయి.

చామ్ శిల్పాల మ్యూజియం కూడా పడమటి ఒడ్డునే, డ్రాగన్ వంతెన మొదట్లో ఉంది. 1919లో తెరిచిన ఆ పసుపు భవనంలో శివుడు, గణపతి, నాట్యకత్తెలు ఇసుకరాతిలో నిలబడి ఉంటారు. 2025 జూలై 1న క్వాంగ్ నామ్‌ని మళ్లీ డనాంగ్‌లో కలిపేశారు కాబట్టి ఇప్పుడు మీ సన్ శివాలయాలు, హోయి ఆన్ పాతపట్నం కూడా నగరం పరిధిలోకే వచ్చాయి. మీ సన్‌లో మన పురావస్తు శాఖ కొన్ని గుళ్లు బాగుచేస్తుండగా 2020లో ఏకశిలా శివలింగం బయటపడింది. చామ్‌ల చంపా రాజ్యంలోని ఈ భాగాన్ని చరిత్రకారులు అమరావతి అంటారు. ఈ మాట వినగానే మనవాళ్లు ఛాతీ విరుచుకుంటారు గాని, పేరు కలిసినంత మాత్రాన గుంటూరు నుంచి ఎవరో వెళ్లి రాజ్యం కట్టారనుకోనక్కర్లేదు. సంస్కృతం, శైవం, బౌద్ధం సముద్రం మీద వెళ్లాయి. చామ్ ప్రజలు వాటిని తీసుకుని తమవి చేసుకున్నారు.

కొండ, సముద్రం, ఓడరేవు అన్నీ చూసి ఇది ఇంకో విశాఖ అనేవాళ్లున్నారు. ఆ పోలిక ఎండాకాలంలో కాదు, అక్టోబరులో నిజమవుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. డనాంగ్‌లో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వానలు. పడమట త్రువాంగ్ సన్ కొండలు ఆ మబ్బును ఆపి ఊరి మీదే కుమ్మరిస్తాయి. 2022 అక్టోబరు 14న వీధుల్లో కార్లు తేలాయి. 2025 అక్టోబరు చివర థు బోన్ నది హోయి ఆన్‌ని ముంచింది. ఏప్రిల్‌లో వచ్చి సముద్రాన్ని చూసి రెండేళ్ల అద్దెకు సంతకం పెట్టే జంట ఊరి సగం మొహమే చూసినట్టు. నన్నడిగితే తొలి 90 రోజుల వీసా అక్టోబరు నడిమి నుంచి తీసుకోవాలి. గది వంతెనకు పడమట, రెండో అంతస్తులోనో మూడో అంతస్తులోనో వెతుక్కోవాలి. గోడలు చెమర్చి, బట్టలు ఆరక, కరెంటు పోయిన రాత్రి కింది వీధివాళ్లు స్కూటర్లు ఎత్తి మెట్ల మీద పెట్టుకుంటున్నప్పుడు, మీ స్కూటరుకి కూడా ఎవరైనా ఒక చెయ్యి వేస్తారో లేదో జనవరికల్లా తెలిసిపోతుంది. అద్దె ఒప్పందం గురించి అప్పుడు ఆలోచించవచ్చు.