రక్తమా? అభ్యాసమా?

2011లో విడుదలైన ‘సెవెన్త్ సెన్స్’ చలనచిత్రం మన విద్యార్థుల సంభాషణలలో నేటికీ వినవస్తూ ఉంటుంది. ఎ.ఆర్. మురుగదాస్ దర్శకత్వంలో సూర్య ద్విపాత్రాభినయం చేసిన ఈ తమిళ చిత్రం తెలుగులోనికి కూడా వచ్చినది. కాంచీపురం నుండి చైనాకు వెళ్ళిన పల్లవ రాకుమారుడు బోధిధర్ముడే అక్కడివారికి వైద్యాన్ని, కుంగ్‌ఫూను నేర్పినాడని అందలి కథ. “కుంగ్‌ఫూ మనదే సార్!” అని మా తరగతిలో ఒక విద్యార్థి ఉత్సాహంగా ప్రకటించినాడు.

చరిత్ర అంత త్వరగా తల ఊపదు. 547 ప్రాంతంలో యాంగ్ షువాన్‌జీ రచించిన లోయాంగ్ ఆరామాల వృత్తాంతం బోధిధర్ముని పారశీకుడంటున్నది. మరొక ప్రాచీన చైనా రచన దక్షిణ భారత రాజపుత్రుడంటున్నది. పల్లవుల పేరు రెంటిలోనూ లేదు. ఆయనకు ఆపాదించిన వ్యాయామ గ్రంథం ‘యిజిన్ జింగ్’ 17వ శతాబ్ది నాటిదని పరిశోధకుల నిర్ణయం. ఆయనకూ దానికీ సుమారు వెయ్యేండ్ల దూరం.

అయితే మమ్ము కలవరపెట్టినది ఈ వివాదం కాదు. చిత్రంలో సర్కసు కళాకారుడైన అరవింద్ బోధిధర్ముని వంశజుడు. అతని రక్తంలో నిద్రిస్తున్న పూర్వుని విద్యలను ఒక పరిశోధక విద్యార్థిని శాస్త్రబలంతో మేల్కొలుపుతుంది. గురువూ అక్కరలేదు, ఏండ్ల సాధనా అక్కరలేదు!

దుత్తలూరు, ఉదయగిరి మెట్ట గ్రామాల నుండి వచ్చే మా విద్యార్థులలో తమ ఇంట తొలి పట్టభద్రులు కాబోయేవారు ఎందరో ఉన్నారు. విద్య రక్తం ద్వారానే సంక్రమించేదైతే, వేలిముద్ర వేసిన తండ్రి బిడ్డకు కళాశాలలో పనియేమి? ఆ సిద్ధాంతాన్ని మేము వినోదానికైనా అంగీకరింపజాలము.

ఉదయగిరిలో కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కే స్త్రీలను చూడండి. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనితనం పనిముట్టు పట్టిన తొలినాడే ఎవరికీ అబ్బలేదు. ఎన్ని కొయ్యలు పాడైతే ఒక చెంచా నునుపు తేలుతుందో వారినే అడగాలి. అభ్యాసం కూసువిద్య అన్నారు పెద్దలు.

బోధిధర్ముడు తొమ్మిదేండ్లు గోడకెదురుగా ధ్యానంలో కూర్చున్నాడని ఒక ఐతిహ్యం. చిత్రం చూచినవారు పోరాటాలను తలచుకొంటారు. మేము ఆ తొమ్మిదేండ్లను తలచుకొంటాము. ప్రియ విద్యార్థులారా! పూర్వుల ఘనతకు సంతోషించండి, తప్పులేదు. కాని పూర్వులు ఎవరైనా, పాఠం మాత్రం ఎవరికి వారే చదువుకోవాలి.