కిటికీ ఏ గోడకు?

ఎరుకల గుడిసెకు కిటికీ ఉండేది కాదు. తాటాకు చూరు నడుం దాకా దిగి ఉండేది. వంగి లోపలికి పోవాలి, వంగి బయటికి రావాలి. వెలుతురు కావాలంటే బయటే కూర్చునేవాళ్లం. బుట్టలల్లడం, వెదురు బద్దలు చీల్చడం, వంట, కబుర్లు అన్నీ ఆరుబయటే. గాడిదల మీద ఉప్పు వేసుకుని కోస్తా నుంచి పైదేశానికి, అక్కణ్ణుంచి ధాన్యం వేసుకుని మళ్లీ ఇటు తిరిగిన మనుషులకు ఇల్లంటే రాత్రి తలదాచుకునే చోటు. అంతకంటే పెద్ద పని దానికి లేదు.

రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ వ్యాపారం పోయింది. తిరిగే మనుషులు తిరుగుతూనే ఉన్నారు గనక అనుమానం మాత్రం మిగిలింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్త జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాజ్యంలో మన మీదికి వచ్చింది. 1913లో సాల్వేషన్ ఆర్మీ వాళ్ల చేతికింద స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. మా పెదకాకాని మీదుగా బెజవాడ పోయే దారిలో, కృష్ణ ఒడ్డున సీతానగరంలో ఇంకొకటి. పేరు పిలిస్తే పలకాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి, రాత్రి ఇంట్లోనే ఉన్నామని చూపించుకోవాలి. మద్రాసులో ఈ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. కాగితం మీద పోయినంత త్వరగా ఊళ్లో పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు మన గడపకే టార్చిలైటు వచ్చేది.

కిటికీల గురించి చెబుతామని ఇదంతా ఎందుకంటే, మా ఇంటి కిటికీ మార్చే మాట వచ్చినప్పుడు మొదట లేచిన గొడవ చెక్కదా ఇనుపదా అని కాదు, అసలు రోడ్డు వైపు కిటికీ ఉండాలా అని.

మాది ప్రభుత్వం కట్టించిన పాత కాలనీ ఇల్లు. పది అడుగులకు పన్నెండు అడుగుల గది, వెనక వంటకు చిన్న చాపు. రోడ్డు వైపు గోడకు మూడడుగుల చదరం కిటికీ ఒక్కటే. దాని ఫ్రేము అడుగు భాగం చెదలు తినేసింది. రెక్కలు వానాకాలం తెరుచుకోవు, ఎండాకాలం మూసుకోవు. తప్పు చెక్కది ఒక్కదానిదే కాదు. మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పునాది లోతు చాలని చోట గోడ దానితోపాటు కదులుతుంది, గోడతోపాటు ఫ్రేము మెలిదిరుగుతుంది. అందుకే ఈ నేలలో కిటికీ మార్చేముందు గోడ పగులు ఎటు పోతోందో చూడాలి. ఫ్రేము మూలనుంచి ఐమూలగా పగులు పోతుంటే కొత్త కిటికీ పెట్టినా రెండేళ్లకు అదే గతి. మా గోడ పగులు పాతదే, పెరగడం లేదని మేస్త్రీ సిమెంటు పూతతో గుర్తు పెట్టి ఒక వానాకాలం చూసి చెప్పాడు. ఒక వాన ఆగడం మంచిదే అయింది. ఇంట్లో మాటలు తెమలడానికీ అంతే పట్టింది.

మా నాయనమ్మకు ఎనభై దాటాయి. ఆ కిటికీ బాగున్న రోజుల్లో కూడా ఆమె దాన్ని తెరవనిచ్చేది కాదు. గోనెపట్టా కట్టేది. "రోడ్డు వైపు కిటికీ ఎందుకమ్మాయ్? పోయేవాడూ వచ్చేవాడూ మన కుండల్లోకి చూడ్డానికా?" అనేది. ఇంటర్ చదివే పిల్ల మాత్రం పగలు కూడా లైటేసుకుని చదవాల్సి వస్తోందని, కరెంటు పోతే గడపలో కూర్చోవాల్సి వస్తోందని మొత్తుకునేది. ఇద్దరిదీ న్యాయమే. నాయనమ్మ భయం వట్టి ముసలి చాదస్తం అని తోసిపుచ్చే హక్కు మాకు లేదు. ఆ కిటికీలోంచి మంచం మీద పడ్డ టార్చి వెలుగు ఆమె చూసింది.

అయితే గాలి లెక్క వేరే ఉంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం, వేడీ తేమా కలిసిన ప్రాంతంలో కిటికీల విస్తీర్ణం గది నేలలో ఆరో వంతుకు తగ్గకూడదు. పొడి వేడి ప్రాంతంలో పదో వంతు. తలుపు ఇందులోకి రాదు. మా గది 120 చదరపు అడుగులు. ఆరో వంతు అంటే 20. మాకున్నది 9. అదీ గోనెపట్టా కింద! టీచర్లు ఈ లెక్కను తరగతిలో పిల్లల చేత వేయించవచ్చు. తరగతి గదికీ, పిల్లలు పడుకునే హాస్టల్ గదికీ కూడా వేయించాలి. ఒక గదిలో పదిమంది పడుకునే చోట దగ్గు ఒకరి నుంచి ఒకరికి పాకడానికి గాలాడకపోవడం పెద్ద కారణం. క్షయ మన పేటలకు కొత్త కాదు.

దుకాణానికి పోతే ఈ లెక్క ఎవరూ అడగరు. "స్లైడింగ్ పెట్టించండి, నీటుగా ఉంటుంది" అంటారు. అల్యూమినియం గానీ, యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ గానీ చెదలు పట్టవు, వానకు ఉబ్బవు, రంగు వేసే పని లేదు. ఆ మాట నిజం. కానీ రెండు పలకల స్లైడింగ్ కిటికీలో ఒక పలక ఎప్పుడూ అడ్డమే. తొమ్మిది అడుగుల కిటికీ పెట్టించుకుని నాలుగున్నర అడుగుల గాలి కొనుక్కున్నట్టు. ఏసీ ఉన్న ఇంటికి అది సరిపోతుంది. రోహిణీకార్తెలో ఫ్యాను కూడా వేడిగాలి తిప్పే ఇంటికి రెక్కలు పూర్తిగా తెరుచుకునే కిటికీయే కావాలి. పెద్దిళ్లను చూసి మోజుపడి స్లైడింగ్ పెట్టించిన మనవాళ్ల ఇళ్లు మాకు తెలుసు. అద్దం తళతళలాడుతుంటుంది, మనుషులు చెట్టు కింద ఉంటారు.

ఇంకో సంగతి, ధర చదరపు అడుగుకు చెబుతారు. కొలతను పై అంకెకు సవరించి లెక్క కడతారా, గ్రిల్లూ దోమల జాలీ బిగింపు కూలీ అందులోనే ఉన్నాయా అని ముందే అడిగి కాగితం మీద రాయించుకోవాలి.

ఏ గోడకు అన్నదానికి జవాబు గాలే చెప్పింది. వేసవి సాయంత్రం ఒంటికి హాయినిచ్చే పైరగాలి సముద్రం మీదనుంచి, దక్షిణం తూర్పుల నుంచి వస్తుంది. మధ్యాహ్నం కాల్చే గాలి పడమటిది. మా ఇంటి రోడ్డు తూర్పున ఉంది. దక్షిణం వైపు వేపచెట్టు, ఖాళీ జాగా. ఆ గోడకు కిటికీయే లేదు! కట్టించినవాళ్లు వరసలో ఇళ్లన్నిటికీ ఒకే అచ్చు గుద్దారు మరి. కాబట్టి దక్షిణం గోడకు కొత్తగా మూడడుగుల చదరం కిటికీ. దానికి ఇటుక గోడ పగలగొట్టాలి, పైన లింటల్ దించాలి. గోడ మూలకు రెండడుగుల లోపు ఎక్కడా కొట్టవద్దన్నాడు మేస్త్రీ, మూలలు బలహీనపడితే ఇల్లే బలహీనపడుతుంది. అక్కడ ఇనుప ఫ్రేము, తెరుచుకునే రెక్కలు పెట్టించాం. బిగించే ముందే రెడాక్సైడ్ రెండు పూతలు వేయించాం. గోడలో పోయే వైపు కూడా వేయించాలి, తుప్పు అక్కణ్ణుంచే మొదలవుతుంది. జాలీ మాత్రం ఊడదీసి కడుక్కునేలా విడి ఫ్రేముకు బిగించుకున్నాం. మా వైపు పత్తి నుసి, మిరప దుమ్ము నెల తిరక్కుండా కన్నాలు మూసేస్తాయి. కల్లాల్లో కాయలు ఆరబోసిన రోజుల్లో ఘాటుకు రెక్కలు గట్టిగా పడాలి గనక అంచున రబ్బరు పట్టీ కూడా.

ఇక రోడ్డు వైపు. దీన్ని మూసేద్దామనే దాకా పోయింది మాట. గుంటూరులో పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చిన తలుపులూ కిటికీలూ అమ్మేచోట మాకు నాలుగు రెక్కల టేకు కిటికీ దొరికింది. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. పైన రెండు రెక్కలు, కింద రెండు, ఇనుప ఊచలు. కింది రెక్కలు మూసి పైవి తెరిస్తే గాలీ వెలుతురూ వస్తాయి, రోడ్డు మీద మనిషికి మంచం కనపడదు. ఈ తెలివి పాతవాళ్లది. నాలుగు రెక్కల కిటికీ ఎందుకు పోగొట్టుకున్నామో మాకు అర్థం కాదు. పాత కన్నం వెడల్పు సరిపోయింది గనక లింటల్ జోలికి పోకుండా కింద ఒక అడుగు గోడ మాత్రం దింపితే చాలింది. అదీ ఇదీ కలిపి 21 అడుగులు.

ఆటోలో తెచ్చి గోడకు ఆనించినప్పుడు నాయనమ్మ వచ్చి ఊచలు పట్టుకు చూసింది. ఎరుక చెప్పడానికీ, చేటలు అమ్మడానికీ తిరిగిన రోజుల్లో ఇలాంటి కిటికీల బయటే నిలబడేదట. ఊచల సందులోంచే చేటలోకి బియ్యం పోసేవాళ్లట. "లోపల ఎట్టా ఉండేదో ఎప్పుడూ చూళ్లేదు," అంది. తర్వాత అడుగు ఎంత దింపుతున్నారని మేస్త్రీని అడిగింది. "మంచం మీద కూచుంటే నాకు రోడ్డు కనపడాలి అబ్బాయ్, చూసుకో," అని చెప్పింది. కింద దింపిన ఆ అడుగు కొలత చివరికి ఆమె మంచం ఎత్తును బట్టే ఖాయమైంది.

మొత్తం కిటికీల సంఖ్య సరిసంఖ్యగా ఉండాలని ఒకాయన వాస్తు చెప్పాడు. రెండయ్యాయి గనక ఆయనా సంతోషించాడు.

పడమటి గోడ మిగిలింది. అక్కడ కిటికీ పెట్టం. కప్పు కింద చేరిన వేడి పోవడానికి పైన రెండు వరసలు ఇటుకలు తీసి జాలీగా పేరుస్తాం. కేరళలో లారీ బేకర్ పేదల ఇళ్లకు కట్టి చూపించిన పద్ధతి ఇది. ఫ్రేమూ రెక్కలూ అక్కర్లేదు, అదే ఇటుక, అదే మేస్త్రీ. డబ్బు మిరప కోతల కూలీ వచ్చాక చూసుకోవాలి.

ఇప్పుడు పిల్ల దక్షిణం కిటికీ దగ్గర బల్ల వేసుకుంది. టేకు కిటికీ కింది రెక్కలు నాయనమ్మ పొద్దున్నే తీస్తుంది, దీపాల వేళకు తనే వేస్తుంది. పై రెక్కలు రాత్రంతా తెరిచే ఉంటున్నాయి. వాటి గురించి ఏమీ అనడం లేదు.