ధీనోధర్ శిఖరము

అగ్నిపర్వతము నెక్కి వచ్చితినని చెప్పినచో వినువారు మొట్టమొదట అడుగు ప్రశ్న, బిలము ఎంత లోతున్నదని. కచ్ఛదేశమునందలి ధీనోధర్ కొండకు బిలము లేదు. పొగ లేదు, బూడిద లేదు, గంధకపు వాసన లేదు. గుజరాత్ రాష్ట్రపు పడమటి కొసన, భుజ్ నగరమునకు వాయవ్యముగా, నఖత్రాణా తాలూకాలో, సుమారు 386 మీటర్ల ఎత్తున నిలిచియున్న యీ నల్లని కొండ, మన పాపికొండల నడుమ నున్నచో ఎవ్వరును తలయెత్తి చూడకపోదురేమో గాని, చుట్టును ముండ్లపొదలు తప్ప మరేమియు తలయెత్తని ఆ మైదానమున, రెండు మూడు గ్రామముల దూరమునుండియే బాటసారి చూపును తనవైపు లాగుకొనుచుండును.

భుజ్ నుండి నఖత్రాణా వరకు బాట బాగుగనే యున్నది. అటుపిమ్మట ఊళ్లు పలుచనై, సర్కారు తుమ్మ దట్టమై, అక్కడక్కడ ఒంటెల మందయొకటి బాటకడ్డముగా నడచి, బండిని ఆపించును. కొండక్రింది నానీ అరల్ గ్రామమున టీ దుకాణమువాడు ఆ దేశపు మర్యాద ననుసరించి టీని సాసరులో పోసి ఇచ్చి, పైన నీరు దొరకదని చేతి సైగతోడనే తెలియజేసెను. ఆ సైగకు నేను తరువాత ఎంతయో కృతజ్ఞుడనైతిని.

మెట్లదారి పట్టుటకు ముందు కొండపాదమున చాలసేపు తిరిగితిని. ఏలయనగా, ఈ కొండ కథయంతయు అక్కడి రాతిలోనే యున్నది. దూరపు చుట్టుప్రక్కల కనబడునవి పసుపుపచ్చని ఇసుకరాతి పొరలు. అవి సముద్రగర్భమున పేరుకొన్నవి. కచ్ఛపు జురాసిక్ శిలలలో నత్తగుల్లవలె చుట్టలు తిరిగిన అమ్మోనైటు శిలాజములు నేటికిని దొరకుచున్నవి. సుమారు 6.5 కోట్ల సంవత్సరముల క్రిందట, దక్కను పీఠభూమిపై లావా వెల్లువలు పొరలుచుండిన కాలమున, ఆ మెత్తని పొరలను చీల్చుకొని క్రిందినుండి కరగిన శిల పైకుబికినది. అది పైకి వచ్చిన మార్గములోనే తుదకు చల్లారి గట్టిపడినది. పిమ్మట లక్షల వానకాలములు, ఎడారి గాలులు కలిసి చుట్టునున్న మెత్తని రాతిని తొలిచివేయగా, కరకు గొంతుక మాత్రము మిగిలినది: కుండ పగిలి పెంకులన్నియు రాలిపోయినను లోపల పేరుకొన్న నెయ్యి కుండరూపముననే నిలిచినట్లు. కనుక నేను ఎక్కబోవునది అగ్నిపర్వతపు వెలుపలి వాలును గాదు, దాని కంఠనాళమును. బిలమును వెదకువారు ఈ సంగతి నెరుగక నిరాశపడి దిగివచ్చుచుందురు. కాని అగ్నిపర్వతపు లోపలిభాగమును చేతితో తాకి చూచు అవకాశము, సజీవమైన ఏ అగ్నిపర్వతమునకు పోయినను లభింపదు గదా!

విరిగిపడిన ఒక రాతిముక్కను చేతికి తీసికొంటిని. దాని వెలుపలి పొర తుప్పుపట్టిన ఇనుపరేకు రంగున నుండగా, క్రొత్తగా విరిగిన మొగము మాత్రము నీలినలుపై, సన్నని రేణువులతో, ఎండకు తళుక్కుమనుచుండెను. చూచుటకు చిన్నదియే గాని బరువు మాత్రము మిక్కుటము. ఈ ప్రాంతమునందలి ఇట్టి కొండలు కొన్నింటిలో, భూపటలమునకు దిగువ నెంతో లోతున పుట్టిన ఆకుపచ్చని ఒలివిన్ శిలాఖండములు లావాతోబాటు కొట్టుకొని వచ్చి చిక్కుకొనియున్నవని శాస్త్రజ్ఞులు కనుగొనియున్నారు. అట్టిది నా కంటబడలేదు. అయినను ఆ నల్లరాయి నాకు పరాయిదిగా తోచలేదు. రాజమహేంద్రవరమునకు చేరువనున్న గౌరీపట్నము, దుద్దుకూరు క్వారీలలో మనవారు రోడ్లకు, ఇండ్లకు కొట్టించు నల్లకంకర యీ దక్కను అగ్నికాండకు సంబంధించినదే. పడమటి కనుమల ప్రాంతమునుండి సుమారు 1000 కిలోమీటర్లు ప్రవహించివచ్చిన లావాయే అదియని కొందరు భూశాస్త్రజ్ఞుల అభిప్రాయము. గోదావరి జిల్లాలవాడు కచ్ఛమునకు పోయి చుట్టపురాయిని చూచి వచ్చుట యనగా నిట్టిదే.

ఎక్కుట కష్టము గాదు, ఎండ కష్టము. మెట్లు అక్కడక్కడ నిటారుగా నున్నను, దారి తప్పు భయము లేదు. జెముడు పొదల నడుమ గుగ్గులు మొక్కలు కనబడినవి. వాని బెరడును గాటుపెట్టి జిగురు తీయుదురు.

శిఖరమున గుమ్మటముగల చిన్న గుడి యున్నది. లోపల దేవతావిగ్రహమునకు మారుగా, సిందూరము పూసిన త్రికోణాకారపు శిల. ధోరంనాథుడను నాథసంప్రదాయపు యోగి ఆ రాతిపై తలనాన్చి పండ్రెండేండ్లు తలక్రిందుగా తపస్సు చేసెనని ప్రసిద్ధి. భిక్ష పెట్టని పురజనులను శపించి, నగరము నాశనము కాగా పశ్చాత్తప్తుడై, తపస్సునకు కొండను వెదకుకొనుచు బయలుదేరెననియు, అతని పాపభారమును ఓర్వలేక రెండు కొండలు క్రుంగిపోగా, మూడవదియైన ధీనోధర్‌ను అతడు వెనుకకు నడచుచు ఎక్కగా అది నిలిచెననియు చెప్పుదురు. తపస్సు ముగించి కన్ను విప్పినచో, తొలిచూపు పడిన చోటెల్ల దగ్ధమగును. కావున చారణకులపు స్త్రీ యొకతె అతనిని ఉత్తరమున నున్న సముద్రమువైపు చూడుమనెనట. సముద్రము ఇంకిపోయెను; అదియే నేటి రణ్ అనెడి ఉప్పు బయలు.

గుడికడ కూర్చున్న వృద్ధుడొకడు, చెవితమ్మెల కంటె పైభాగమున పెద్ద కుండలములు ధరించినవాడు, నన్ను చూచి "ఆదేశ్" అనెను. నాథుల నమస్కారమదియే. మీ దేశమున నాథులున్నారా యని అతడు హిందీలో అడుగగా, మా శ్రీశైలమున నాథుల కథలకు మిక్కిలి ప్రఖ్యాతి యనియు, 15వ శతాబ్దమున గౌరన యను కవి అక్కడి భిక్షావృత్తి మఠముకొరకు నవనాథచరిత్రమును ద్విపదలో రచించెననియు చెప్పితిని. అతడు ఆశ్చర్యపడలేదు. నాథులు లేని చోటెక్కడ యన్నట్లు తల యూచి, తన కుండలమును సవరించుకొనెను.

అక్కడనుండి ఉత్తరముగా చూచిన, పొదల పచ్చదనము క్రమక్రమముగా బూడిదవన్నెకు దిగి, ఆపై తెల్లని గీతయొకటి దిఙ్మండలమును అంటియుండును. రణ్ ఒకప్పుడు సముద్రపు పాయయే. నదులు తెచ్చిన ఒండ్రు దానిని పూడ్చినది. భూకంపములు నేలను ఎత్తినవి, దించినవి. 1819 జూన్ 16వ తేదీనాటి కంపమున పడమటి రణ్‌లో సింద్రీ కోట నీట మునిగినది. దాని ఉత్తరమున బారుగా లేచిన మట్టిమిట్ట సింధునది పాయ కడ్డుపడగా, జనులు దానికి అల్లా బండ్ అని పేరిడిరి. 2001 జనవరి 26వ తేదీనాటి భుజ్ భూకంపమును ఇక్కడివారెవ్వరును మరువలేదు. అగ్ని చల్లారినను ఈ నేల కదలుట మానలేదు. యోగికథను మూఢవిశ్వాసమని త్రోసివేయువారితో నేను ఏకీభవింపను. సముద్రముండి పోయినదను మాట వరకు ఆ కథ సత్యమునే పలుకుచున్నది, కారణమును మాత్రము ఒక మనుష్యుని కంటిలో నుంచినది.

పోగోరువారు మార్గశిర, పుష్య మాసములలో పోవలెను. వేసవిలో ఆ నల్లరాయి కాలిన పెనమే. సూర్యోదయమునకు ముందే ఎక్కుట మొదలిడి, మనిషికి రెండు సీసాల నీరు తప్పక వెంట గొనిపోవలెను.