బ్యాగు మోసినవాళ్ళ ఇల్లు

2022 ఆగస్టు ఆఖర్లో మా ఇంటికి రెండు వార్తలు ఒకే వారంలో వచ్చాయి. ఒకటి పేపర్లో వచ్చింది. బెంగళూరులో ఆట నేర్చుకుని పైకొచ్చిన అనిర్బన్ లాహిరి అమెరికా పీజీఏ టూర్ వదిలేసి, సౌదీ డబ్బుతో కొత్తగా మొదలైన లివ్ గోల్ఫ్‌లో చేరుతున్నాడని. రెండోది మెయిల్లో వచ్చింది. ఏడాదికి 7.5 లక్షల సంబళానికి పనిచేస్తున్న మాకు 15 లక్షలు ఇస్తామని ఇంకో కంపెనీ ఆఫర్.

"మేము" అంటే ఎవరెవరు అని అడగకండి. ఉద్యోగం చేసేది ఒకరే, సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా. కానీ సంబళం ఇంటిది, ఆఫర్ లెటర్ ఇంటిది, ఆ తర్వాత అయిందీ ఇంటిదే. మా ఇంట్లో ఇట్లే మాట్లాడుకుంటాం, అట్లే రాస్తున్నాం.

లాహిరి వార్త చదివి నాయన పేపరు మడిచి, "ఎందుకంట? ఇంట్లో పొయ్యి ఆరిపోయిందా ఏమి?" అన్నాడు. మెయిల్ సంగతి చెప్తే మాత్రం, "ఎప్పుడు చేరాలంట?" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి నవ్వింది.

మాలాంటి ఇంట్లో గోల్ఫ్ మాటేమిటని మీకు అనిపించవచ్చు. కోలారు పక్క తెలుగువాళ్ళకు, అందులోనూ కేజీఎఫ్‌తో సంబంధం ఉన్నవాళ్ళకు అంత ఆశ్చర్యం ఉండదు. జాన్ టేలర్ కంపెనీ దొరలు బంగారు గనులతో పాటు క్లబ్బూ, గోల్ఫ్ మైదానమూ పెట్టుకున్నారు. మా తాత గనిలో దిగే వయసు రాకముందు ఆ మైదానంలో దొరల బ్యాగులు మోసినాడు. తర్వాత చాంపియన్ రీఫ్‌లో దిగి, రాతిదుమ్ము దగ్గుతో రిటైరయ్యాడు. నాయన గని వర్క్‌షాపులో ఉండగా 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పుడు మాకు పన్నెండేళ్ళు, కన్నడ మీడియం బడిలో ఏడో తరగతి. చేతికొచ్చిన కొంచెం డబ్బు అక్క పెళ్ళికి పక్కన పెట్టి, నాయన మారికుప్పం రైలెక్కి బెంగళూరు తిరగడం మొదలుపెట్టాడు. ఆఖరికి ఊరి బయట ఒక గోల్ఫ్ కోర్సులో నీళ్ళ పంపుల పని దొరికింది. గడ్డికి అన్ని నీళ్ళు తాగించడం చూసి మొదట్లో ఆయనకు నిద్ర పట్టేది కాదంట, మన ఊళ్ళో బోర్లు ఎండిపోతా ఉంటే.

అట్లా గోల్ఫ్ డబ్బు ఎట్లా నడుస్తుందో మా ఇంట్లో పంపుల దగ్గరనుంచి తెలిసింది. క్రికెటర్‌కు ఉన్నట్టు ఇక్కడ జట్టు కాంట్రాక్టు లేదు. ఎంట్రీ ఫీజు, రైలు టికెట్టు, లాడ్జి రూము, కేడీ కూలి అన్నీ ఆటగాడి జేబులోంచే. మొదటి రెండు రోజులు ఆడాక కట్ వేస్తారు. ఇంచుమించు సగం మంది అక్కడే ఇంటికి పోతారు, చేతికి పైసా లేకుండా. ఒక్క స్ట్రోకుతో కట్ తప్పిన ఒక కుర్రాడు సాయంత్రం పంపు షెడ్డు అరుగు మీద కూర్చుని, కేడీకి ఇవ్వాల్సిన డబ్బు లెక్కపెట్టి లెక్కపెట్టి మళ్ళీ జేబులో పెట్టుకోవడం నాయన చూశాడు. కేడీ కూడా అక్కడే నిలబడి ఉన్నాడంట, అడగలేక, పోలేక. "ఆడేవాడు ఓడిపోతే ఓడిపోయినట్టు. మోసేవాడికి మాత్రం కూలి రావల్ల" అన్నది నాయన సూత్రం. మా ఇంట్లో మూడు తరాలుగా ఎంచుకున్నది మోసే పక్కనే.

బిడది పక్కన పల్లెలో పేద ఇంట్లో పుట్టి, దగ్గర్లోని గోల్ఫ్ కోర్సులో ఆట నేర్చుకుని ప్రొఫెషనల్ అయిన చిక్కరంగప్ప గురించి నాయన మురిసిపోయి చెప్తాడు. లాహిరికి నేర్పిన విజయ్ దివేచానే ఆ పిల్లోడికీ నేర్పించారు. కానీ ఒక చిక్కరంగప్ప వెనకాల అరుగు మీద కూర్చున్నవాళ్ళు ఎంతమందో నాయన కళ్ళతో చూసినాడు. అందుకే మేము ఎనిమిదో తరగతిలో ఒకసారి ఆ బ్యాటు (క్లబ్ అనాలని అప్పటికి తెలియదు) పట్టుకుంటే చేతిలోంచి లాక్కున్నాడు.

ఇప్పుడు లివ్ లెక్క చూడండి. 2022లో మొదలైనప్పుడు 48 మంది, మూడు రోజులు, 54 హోల్స్. కట్ లేదు. ఒక్కో పోటీకి రెండున్నర కోట్ల డాలర్లు. ఆఖరున వచ్చినవాడికి కూడా 1,20,000 డాలర్లు, అంటే అప్పటి లెక్కలో 95 లక్షల రూపాయల దాకా. పెద్ద పేర్లకు చేరినందుకే విడిగా కాంట్రాక్టు డబ్బు. పంపు షెడ్డు అరుగు లేని గోల్ఫ్ అన్నమాట. ఇది విన్నాక నాయన కొంచెం మెత్తబడ్డాడు. "అట్లయితే పోనీ, తప్పేముంది" అన్నాడు. మాకు మాత్రం అప్పుడే సందేహం మొదలైంది. లాహిరి ఆ అరుగు మీది మనిషి కాదు కదా. అదే ఏడాది మార్చిలో ప్లేయర్స్ చాంపియన్‌షిప్‌లో కామెరాన్ స్మిత్ కంటే ఒక్క స్ట్రోకు వెనకబడి రెండో స్థానంలో వచ్చాడు. ఆ ఒక్క వారానికే 21.8 లక్షల డాలర్లు, 16 కోట్ల రూపాయల పైమాట. అట్లాంటి మనిషి ఇంకా డబ్బు కోసం పోవాలా అని మేమే వాదించాం. అట్లా వాదిస్తూనే మా ఆఫర్ లెటర్‌కు సంతకం పెట్టాం.

మా కారణాలు మాకున్నాయి. నాయన మోకాళ్ళ ఆపరేషన్, అక్క పెళ్ళికి తెచ్చిన అప్పులో మిగిలింది, కేఆర్ పురం దగ్గర తీసుకున్న చిన్న ఇంటి లోను. ఇవి పైకి చెప్పేవి. లోపలిది ఇంకొకటుంది. కన్నడ మీడియంలో చదివి ఇంజనీరింగ్‌లో చేరినవాళ్ళకు మొదటి ఏడాది క్లాసులో కూర్చోవడం ఎట్లా ఉంటుందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఇంటర్వ్యూల్లో సమాధానం తెలిసీ ఇంగ్లీషు వాక్యం కుదరక నోరు మూసుకున్న రోజులు ఎన్నో. 15 లక్షలు అంటే మోకాలి ఆపరేషన్ ఒక్కటే కాదు, ఆ బెంచీ మీది నుంచి లేచి ముందు బెంచీలో కూర్చున్నట్టు. అందుకే ఎంత ఇస్తారని చూశాం, ఏం చేయమంటారని చూడలేదు.

అప్పులు ఇచ్చే ఒక యాప్‌ను టెస్ట్ చేయడం పని. చేరిన మూడో నెలలో ఒక తప్పు దొరికింది. ఆదివారం కట్టిన కంతు సోమవారం జమ అయినట్టు చూపి, ఒక రోజు ఆలస్యమని 50 రూపాయలు వేస్తోంది. ఆదివారం కంతు కట్టేవాళ్ళు ఎవరు? ఆరు రోజులు పనికిపోయి ఏడో రోజు ఫోను తెరిచేవాళ్ళు. మా నాయన లాంటివాళ్ళు. బగ్ రాశాం, స్క్రీన్‌షాట్లు పెట్టాం. రిలీజ్ తేదీ దగ్గరపడింది, తర్వాత చూద్దాం, దీన్ని తెలిసిన సమస్యల లిస్టులో వేసి పాస్ ఇవ్వండి అన్నారు. ఎవరూ అరవలేదు, బెదిరించలేదు. టీ తాగుతూ మంచిగానే చెప్పారు. ఆ నెల ఆపరేషన్‌కు అడ్వాన్స్ కట్టాలి.

పాస్ అని రాశాం.

తర్వాతి రిలీజ్‌లోనూ అదే లిస్టు, అదే పాస్. మూడోసారికి అడగనూ లేదు. నాయనకు కొత్త మోకాళ్ళు వచ్చాయి, మెట్లు ఎక్కుతున్నాడు. ఆ డబ్బు వృథా అయిందని మేము ఎప్పటికీ అనలేం.

ఈ సంగతి ఇంట్లో చెప్పిన రోజు నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తాత కథ చెప్పాడు. బ్యాగు మోసే రోజుల్లో ఒక దొర బంతి ఎప్పుడూ పొదల్లోకి కొట్టేవాడంట. ముందు పరిగెత్తి బంతి ఎక్కడుందో చూపించేది కుర్రాళ్ళ పని. ఆ దొర తాతకు మామూలు కూలి మీద ఇంకో అంత ఇచ్చి, మిగతావాళ్ళు వచ్చేలోపల కాలివేళ్ళతో బంతిని గడ్డి తక్కువున్న చోటికి జరపమన్నాడు. తాతకు చెప్పులు కూడా లేవు, ఆ పనికి అదే అనుకూలం. ఒకసారి జరిపినాడు. రెండోసారి జరపమంటే డబ్బు తిరిగి ఇచ్చేసినాడంట. నాయన ఇది చెప్పి, "అది మీ తాత" అని లేచి పోయినాడు. కొత్త మోకాళ్ళతో.

మంచి కేడీ పని ఏమిటో మేము తర్వాత చదివి తెలుసుకున్నాం. బ్యాగు మోయడం అందులో చిన్న భాగం. జెండా ఎంత దూరం, గాలి ఎటు, ఏ క్లబ్ వద్దు అని చెప్పడం పెద్ద భాగం. వద్దు అనే మనిషికే కూలి. అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క స్ట్రోకుతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచినప్పుడు బ్యాగు మోసింది వాళ్ళమ్మే. ఆ వారానికి ప్రైజ్ మనీ ఏమీ లేదు, ఒలింపిక్స్‌లో ఉండదు. అయినా ఆ పొద్దున మా ఇంట్లో, గోల్ఫ్ అంటే గడ్డికి నీళ్ళు అనుకునే అమ్మ కూడా, టీవీ ముందునుంచి కదల్లేదు.

లాహిరి సంగతికి వస్తే, లివ్‌లో ఆడిన మొదటి పోటీలోనే, బోస్టన్ దగ్గర, ముగ్గురి ప్లేఆఫ్ దాకా వెళ్ళి డస్టిన్ జాన్సన్ చేతిలో ఓడిపోయాడు. ఆట పోలేదు. పోయింది వేరేది. ఆ పోటీలకు అప్పట్లో ప్రపంచ ర్యాంకింగ్ పాయింట్లు ఉండేవి కావు, అడిగినా 2023 అక్టోబరులో ఇవ్వమన్నారు. ఒలింపిక్స్‌కు ఎంపిక ఆ ర్యాంకింగ్ మీదే. రియోలో, టోక్యోలో మన దేశానికి ఆడిన మనిషి 2024లో పారిస్‌లో లేడు. శుభంకర్ శర్మ, గగన్‌జీత్ భుల్లర్ పోయారు. ఆయన ఈ లెక్క ముందే వేసుకునే ఉంటాడు, పెద్ద ఆటగాడు, తెలియకుండా ఉండదు. కట్ లేని చోట భయం లేదు, నిజమే. అయితే మన ఆట ఎక్కడుందో బయటివాళ్ళ కొలతలో చూసుకునే దారి కూడా చాలావరకు పోయింది. ఫెయిల్ కావడానికి వీల్లేని టెస్టుకు మేము పని చేసే చోట విలువ లేదు. లేదని చెప్పాల్సిన మేమే మూడుసార్లు పాస్ రాశాం కాబట్టి ఆయనను పెద్దగా అనే హక్కు మాకు లేదు.

అట్లని టూర్‌లోనే ఉండిపోయినవాళ్ళు ధర్మాత్ములు అని కూడా మేము అనం. వెళ్ళినవాళ్ళను సస్పెండ్ చేసి, విధేయత గురించి అంత మాట్లాడిన పీజీఏ టూర్ పెద్దలు 2023 జూన్ 6న అదే సౌదీ ఫండ్‌తో ఒప్పందం ప్రకటించారు. వాళ్ళ మాట నమ్మి ఆగినవాళ్ళకు ఆ రోజు ఎట్లా ఉండిందో మాకు తెలుసు. మా పాత ఆఫీసులోనూ మనమంతా ఒక కుటుంబం అనేవారు. ఆరేళ్ళలో ఆ కుటుంబం మాకు పెంచిన దానికంటే బయటివాడు ఒక మెయిల్లో పెంచింది ఎక్కువ. డబ్బు చూసి పోవద్దని చెప్పేవాళ్ళు, ఉన్నవాళ్ళకు ఎంత ఇస్తున్నారో కూడా చెప్పాలి.

మేము ఆ ఉద్యోగం మానేశామని, మనస్సాక్షి గెలిచిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ మేము మానలేదు. పద్నాలుగో నెలలో టెస్టింగ్ టీంలో సగం మందిని తీసేశారు, ఆ సగంలో మా పేరు ఉంది. రాజీనామా లెటర్ ఒకటి ఫోనులో డ్రాఫ్ట్‌గానే ఉండిపోయింది, మూడు నెలల నుంచి. నాలుగు నెలలు ఖాళీగా ఉండి, 11 లక్షలకు ఇప్పటి చోట చేరాం. చేరేముందు ఈసారి ఒక ప్రశ్న అడిగాం, మా ఇంగ్లీషులోనే, తడబడుతూ. రిలీజ్ ముందు టెస్టర్ వద్దంటే ఏమవుతుంది? అవతలి మేనేజర్ కొంచెం ఆలోచించి, ఒక్కోసారి ఆగుతుంది, ఒక్కోసారి ఆగదు అన్నారు. ఆ జవాబు నమ్మదగినట్టు అనిపించింది.

మొన్న దసరాకు ఊరికి పోయినప్పుడు అవ్వ దగ్గర తాత కథ తీశాం. తొంభై దగ్గరపడినా అవ్వకు జ్ఞాపకం గట్టిది. డబ్బు తిరిగి ఇచ్చేసినాడంట కదా అవ్వా అంటే, పళ్ళు లేని నోటితో నవ్వింది.

"ఎవురు చెప్పింది? మీ నాయనా? వానికి ఏమి తెలుసు, అప్పటికి పుట్టినాడా? యుద్ధం కాలం అది. బియ్యం దొరికేది కాదు. ఆ దొర సీమకు పోయేదాకా జరుపుతానే ఉన్నాడు మీ తాత. నాతోనే చెప్పినాడు."

నాయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. వినబడిందో లేదో తెలియదు. మేమూ అడగలేదు.