పంపకమే భాగహారం

సంకలనం, వ్యవకలనం, గుణకారం సునాయాసంగా నేర్చిన బాలుడు భాగహారం వద్ద తడబడతాడు. ఆ తడబాటు బాల్యంతోనే తీరిపోవడం లేదు. 2023లో ‘అసర్’ సర్వే 26 రాష్ట్రాలలోని 28 జిల్లాలలో 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ యువతను పరీక్షించింది. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో సరిగా భాగించినవారు 43.3 శాతం మాత్రమే. కళాశాల మెట్లెక్కే వయస్సులో సగానికి పైగా యువతకు ఈ చిన్న లెక్క కొరుకుడు పడలేదన్నమాట.

సూత్రాలు తెలియక కాదు. ఒక సంఖ్యలోని అంకెల మొత్తం 9తో నిశ్శేషంగా భాగింపబడితే, ఆ సంఖ్య కూడా భాగింపబడుతుందని అనేకులు వల్లె వేస్తారు. కారణమేమని అడిగితే మౌనం వహిస్తారు. ఆ కారణం పొలం గట్టు మీద కూడా దొరుకుతుంది.

చిత్తూరు జిల్లాలో పలమనేరుకు చేరువలో ఉన్న గంగవరంలో టమాటా కోతకు తొమ్మిదిమంది కూలీలు వచ్చారని భావించండి. మొత్తం కూలి 3,690 రూపాయలు. ప్రతి వేయి నుంచి తలా 111 రూపాయలు పంచితే ఒక రూపాయి మిగులుతుంది. ప్రతి వంద నుంచి తలా 11 పంచినా, ప్రతి పది నుంచి తలా ఒకటి పంచినా మిగిలేది ఒక్క రూపాయే. కనుక మూడు వేల నుంచి 3, ఆరు వందల నుంచి 6, తొమ్మిది పదుల నుంచి 9, వెరసి 18 రూపాయలు మిగులుతాయి. అవి తలా రెండు చొప్పున సరిపోతాయి. అంకెలను కూడడమంటే మిగుళ్లను కూడడమే. ఒక్కొక్కరికి ముట్టేది 410 రూపాయలు.

ఇటువంటి లెక్కలు మన భాషకు కొత్తవి కావు. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో ‘గణితసారసంగ్రహం’ రచించాడు. భాజ్య భాజకాలలోని సామాన్య గుణకాలను తొలగించి భాగించే పద్ధతిని అందులో వివరించాడు. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. గణితం కూడా మాతృభాషలో కంఠస్థమై, బుద్ధికి అందాలన్నది అటువంటి కృషిలోని సారాంశం.

అయితే సూత్రానికీ ఒక హద్దు ఉంది. ఆ కూలి మొత్తాన్ని ఎవరైనా పొరపాటున 3,609 అని వ్రాస్తే, అంకెల మొత్తం అప్పుడూ 18 అవుతుంది. శేషం కూడా సున్నయే. సూత్రానికి ఆ తప్పు కనిపించదు. భాగించి చూచిన వానికే తలా 401 రూపాయలు వచ్చాయనీ, తన శ్రమలో తొమ్మిది రూపాయలు తగ్గాయనీ తెలుస్తుంది. సంఖ్య సమంగా పంపకమవుతుందా అన్నంతవరకే సూత్రం చెబుతుంది. ఎవరికెంత రావాలో చెప్పేది భాగహారం. లబ్ధాన్ని భాజకంతో గుణించి, శేషాన్ని కలిపి సరిచూచుకొనే అలవాటు పరీక్షలో మార్కులనే కాదు, సంతలో రైతునూ, పనిచోట కూలీనీ మోసపోకుండా కాపాడుతుంది.