పచ్చ తీగ

సంచికకు ఏదైనా రాయండర్రా అని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు ముందు హాస్టల్ పప్పుచారు మీద రాద్దామనుకున్నాం. అది అందరూ రాస్తారు. మేము రాయాల్సింది వేరే ఉంది. ఇన్నేళ్లూ మేము ముగ్గురమే దాచుకున్నది.

2018 జనవరి. మేము టెన్త్‌లో ఉన్నాం. బెల్లంపల్లి అప్పటికే మంచిర్యాల జిల్లాలో కలిసింది కానీ నోట్‌బుక్కుల మీద ఇంకా ఆదిలాబాద్ అనే రాసుకునేవాళ్లం. స్టోర్‌రూములో బియ్యం సంచుల వెనక ఒక పాత ఆంప్లిఫయర్ ఉండేది. ఆ కాలం తమ్ముళ్లకు గుర్తుండే ఉంటుంది. చెక్కపెట్టె, ముందు జాలీగుడ్డ, లోపల గాజు వాల్వులు. సింగరేణిలో రిటైరైన ఒక తాత, తమ ఆర్కెస్ట్రా ఆగిపోయాక గిటారుతో సహా మన హాస్టల్‌కు ఇచ్చాడు. స్విచ్ వేయగానే పలికేది కాదు. వాల్వులు ఎర్రబడేదాకా ఆగాలి. తర్వాత పాట కంటే ముందు గుంయ్‌మని ఒకటే చప్పుడు. మన స్టేషన్‌లో ఆగిన కరెంటు ఇంజను పక్కన నిలబడితే వినబడుతుందే, అట్లాంటిది.

ఎనిమిదో తరగతి తమ్ముడొకడు ఆ తాత దగ్గరే నాలుగు కార్డులు నేర్చుకున్నాడు. వార్షికోత్సవానికి వాడు గిటారు వాయిస్తూ పాడాలి. చప్పుడు పోగొట్టే బాధ్యత మేము నెత్తిన వేసుకున్నాం. సైన్సులో మాకే మార్కులెక్కువ మరి.

కాస్మెటిక్ చార్జీల పైసలు పోగేసి, తెలిసినాయనతో హైదరాబాద్ కోఠి నుంచి ఒక వాల్వు తెప్పించాం. మార్చినా చప్పుడు పోలేదు. వాల్వు చెడిపోయిందని మాకు ఎవరూ చెప్పలేదు, మేమే అనుకున్నాం. సబ్బులు లేక ఆ నెలంతా ఒక్క లైఫ్‌బాయ్‌తో ముగ్గురం గడిపాం. చివరికి ప్లగ్గు విప్పి ఒక్కో తీగా చూస్తుంటే, పచ్చ తీగ ఊడదీయగానే చప్పుడు ఆగిపోయింది. హాలంతా చప్పట్లు. ఎర్త్ వైరు పచ్చగా ఉంటుందని పరీక్షలో రాసిన చేతులే అవి. దేనికి ఉంటుందో కూడా రాశాం, రెండు మార్కులకు.

ఆ రాత్రి రిహార్సల్. మైకు టెంట్‌హౌస్ వాళ్లది, దానికి వేరే సెట్టు, వేరే ప్లగ్గు. తమ్ముడు ఎడమచేత్తో తీగలు నొక్కిపట్టి మైకు దగ్గరికి మూతి పెట్టాడు. ఒక్కసారి కొయ్యబారి వెనక్కి పడ్డాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. ఎవరో "ఫిట్సు, ఫిట్సు" అని అరిచారు. తాళాలగుత్తి తెచ్చి వాడి చేతిలో పెట్టింది మేమే.

పెదవి మీద చిన్న బొబ్బ మేము చూశాం. దవాఖానలో డాక్టరు ఎట్లా పడ్డాడని అడిగితే, నిలబడినవాడు నిలబడినట్టే పడ్డాడన్నాం. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. టెన్త్‌లో హాస్టల్ నుంచి పంపిస్తే మా ఇండ్లల్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కబోయేవాళ్లం మళ్లీ కూలికే పోవాలి. ఆ భయం ఒక్కటే లోపల తిరిగింది. వాడికి మందులు రాశారు. వాళ్లమ్మ వచ్చి తాయెత్తు కట్టింది. ఆంప్లిఫయర్‌ను మళ్లీ బియ్యం సంచుల వెనక పెట్టేశాం. పిల్లలు వాణ్ని పేరు పెట్టి పిలవడం మానేసి "ఫిట్స్‌గా" అన్నారు. మేమూ ఒకట్రెండుసార్లు అన్నాం.

ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో ఉండగా లెస్ హార్వే గురించి చదివాం. స్టోన్ ద క్రోస్ అనే బృందంలో గిటారిస్టు. 1972లో వేల్స్‌లోని స్వాన్‌సీలో, వేదిక మీద ఎర్త్ సరిగా లేని మైకును ముట్టుకుని అక్కడే చనిపోయాడు. ఆ పేజీ చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు.

పోయిన నెల సార్‌ను అడిగి ఆ పెట్టె బయటికి తీశాం. పచ్చ తీగ అట్లనే వేలాడుతున్నది. ఈసారి వరుసగా చూశాం. తీగ తాత్కాలికంగా కలిపి స్విచ్ వేస్తే అదే చప్పుడు. గిటారు పీకేసినా ఉంది, అంటే గిటారుది కాదు. వాల్యూమ్ పూర్తిగా తగ్గిస్తే పోతున్నది, అంటే ఆ బిర్రకు ముందే ఎక్కడో చొరబడుతున్నది. ఫోన్‌లో కొలిస్తే 50 హెర్ట్జ్. డీసీ చేసే భాగంలో పెద్ద కెపాసిటర్లు ఎండిపోతే మామూలుగా 100 వస్తుంది. 50 అంటే గోడలోని కరెంటే నేరుగా వస్తున్నట్టు లెక్క. పెన్సిల్‌తో వాల్వులను తట్టి చూశాం, పాతది కూడా బాగానే ఉంది. సబ్బుల పైసలు ఉత్తగనే పోయాయన్నమాట.

ప్లగ్గు తీసి, లోపల నిలిచిన కరెంటును రెసిస్టర్‌తో దించాక (తమ్ముళ్లూ, స్విచ్ ఆపినా కెపాసిటర్లలో వందల వోల్టులు ఉంటాయి, తెలియకుండా వేలు పెట్టకండి) అసలుది దొరికింది. మెయిన్స్ తీగకూ ఇనుప చట్రానికీ మధ్య ఒక చిన్న పాత కెపాసిటర్ ఉంది. అది లీకయి కరెంటును చట్రంలోకి వదులుతున్నది. ఎర్త్ తీగను ఎప్పుడో ఎవరో గిటారు గుచ్చే సాకెట్ దగ్గర టాకా వేశారు. ఆ టాకా తుప్పు పట్టింది. లీకయిన కరెంటు ఆ తుప్పు మీదుగా ఎర్త్‌కు పోతూ పోతూ గుంయ్‌మనేది. పచ్చ తీగ తీసేశాక దానికి పోయే దారి లేదు, అందుకే చప్పుడు లేదు. గిటారు తీగలకూ చట్రానికీ లోపల కనెక్షన్ ఉంటుంది. మైకుకు ఎర్త్ ఉంది. మధ్యలో ఆ తమ్ముడు నిలబడ్డాడు.

ఎర్త్ లేకుండా స్విచ్ వేసి, చట్రానికీ ఎర్త్‌కూ మధ్య పదిహేను వాట్ల బల్బు పెట్టి చూశాం. మసకగా వెలిగింది. మాలో ఒకడి నాన్న బాయిల పనిచేసినవాడు. అక్కడ కర్రతో పైకప్పును కొట్టి చప్పుడు వింటారట, బోలుగా మోగితే కింద ఎవరూ నిలబడరట. చిన్నప్పటి నుంచి ఆ మాట వింటూ పెరిగినవాడే ఆ రోజు స్క్రూడ్రైవర్ పట్టుకున్నది.

కెపాసిటర్ మార్చాం. ఎర్త్‌ను వేరే బోల్టుకు గట్టిగా బిగించాం. తర్వాత తమ్ముడికి ఫోన్ చేసి మొత్తం చెప్పాం. చాలాసేపు మాట్లాడలేదు.

"నాకెందుకన్న చెప్తున్నరు, మా అమ్మకు చెప్పుండ్రి. నన్ను ఇప్పటికీ బండి నడపనీయది. బాయి గడ్డకు కూడ పోనీయది."

ఆదివారం ముగ్గురం వాళ్ల ఊరికి పోయాం. పెద్దమ్మ చాట పక్కన పెట్టి, మధ్యలో ఒక్క మాట అనకుండా విన్నది. తిడుతుందనుకున్నాం. ఏడుస్తుందనుకున్నాం. కొడుకు ముఖం వంక చూసి, మా వంక చూసి అడిగింది.

"ఇన్నేండ్లు గా వైరు గట్లనే ఉన్నదా, పొల్లగాండ్లు తిరిగే కాడ?"

ఉన్నది పెద్దమ్మా, అన్నాం.