నాన్న చదివిన ఊరు

మా నాన్న ఇంతవరకు ఫ్లైట్ ఎక్కలేదు. కానీ నా చిన్నప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ గురించి పక్క వీధి గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

ఒంగోలులో మా ఇంట్లో ట్రంకు పెట్టె నిండా సోవియట్ పుస్తకాలుండేవి. మాస్కోలో తెలుగులో అచ్చయి, విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికినవి. దోస్తోయెవ్‌స్కీ ‘శ్వేత రాత్రులు’ అంటే నాన్నకి ప్రాణం. నా ఇంటర్ ఫీజుకి డబ్బులు చాలనప్పుడు అన్నిటితో పాటు ఆ పుస్తకాలూ పాత పేపర్ల అతనికి వెళ్లిపోయాయి. ఎంతొచ్చి ఉంటుంది? మహా అయితే నా హాస్టల్ బకెట్, దుప్పటి ఖర్చు. ఆ తర్వాత నాన్న వాటి పేరెత్తలేదు.

నాకు ఆ ఊరు మళ్లీ తగిలింది హెడ్‌ఫోన్స్‌లో. హైదరాబాద్‌లో అర్ధరాత్రి డిప్లాయ్‌మెంట్లప్పుడు నిద్ర ఆపుకోవడానికి చైకోవ్‌స్కీ వినేవాణ్ణి. అక్కణ్ణుంచి షోస్తకోవిచ్. ఆరేళ్లు దాచుకుని గత జూన్‌లో బయల్దేరాను. ‘నువ్వూ రా నాన్నా’ అంటే ‘ఇప్పుడెందుకురా అవన్నీ’ అన్నాడు. అంతే.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. మనవాళ్లకి ఈ-వీసా ఆన్‌లైన్లోనే వస్తుంది. కానీ మన వీసా, మాస్టర్‌కార్డులు అక్కడ పనిచేయవు. డాలర్లు తీసుకెళ్లి రూబుళ్లు మార్చుకోవాల్సిందే.

మొదట ఫిల్‌హార్మోనియా హాలుకి వెళ్లాను. తెల్లటి స్తంభాలు, పెద్ద పెద్ద షాండ్లియర్లు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఈ ఊరిని 872 రోజులు దిగ్బంధించారు. లక్షల మంది ఆకలితో చనిపోయారు. షోస్తకోవిచ్ ఏడో సింఫనీని 1942 ఆగస్టు 9న ఈ హాల్లోనే వాయించారు. రిహార్సల్స్ మొదలైనప్పుడు ఆర్కెస్ట్రాలో వాయించే ఓపిక ఉన్నవాళ్లు పదిహేను మందే. సైన్యం నుంచి వాయిద్యకారుల్ని పిలిపించారు. లౌడ్‌స్పీకర్లు పెట్టి శత్రువులకీ వినిపించారు. యూట్యూబ్‌లో ఎన్నిసార్లు విన్నానో ఆ సింఫనీ. ఆ హాల్లో ఉత్తినే కూర్చున్నా ఒళ్లు జలదరించింది.

మర్నాడు తిఖ్విన్ శ్మశానం. దోస్తోయెవ్‌స్కీ, చైకోవ్‌స్కీ ఇద్దరి సమాధులూ అక్కడే ఉన్నాయి. నాన్న పుస్తకం, నా హెడ్‌ఫోన్స్ ఒకే కాంపౌండులో కలిశాయనిపించింది.

ఆ రాత్రి గ్రిబొయెదొవ్ కాలువ ఒడ్డున నిలబడ్డాను. టైము పదకొండు. చీకటి లేదు, ఆకాశం పల్చటి పాలలా ఉంది. శ్వేత రాత్రులంటే ఇవే. ఒక ఫోటో తీసి నాన్నకి పంపాను. ఇండియాలో రాత్రి ఒంటిగంటన్నర, పొద్దున చూస్తాడులే అనుకున్నా.

నిమిషంలో రిప్లై వచ్చింది.

‘ఫోంటాంకా అక్కడికి దగ్గరేనా? కథలో ఆ అబ్బాయికి రోజూ ఒక ముసలాయన ఎదురుపడేది అక్కడే.’

అన్నేళ్ల తర్వాత నాన్న ఆ పుస్తకం మాటెత్తాడు. ఫోన్ పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. తర్వాత మ్యాప్ పెట్టుకుని నడిచాను. ఫోంటాంకా దగ్గరే. అక్కడ తీసిన ప్రతి ఫోటో పంపించాను. నాన్న అన్నీ చూశాడు, తెల్లారేదాకా పడుకోలేదు.

వచ్చేముందు నెవ్‌స్కీ ప్రాస్పెక్ట్‌లోని దోమ్ క్నీగి షాపులో ‘శ్వేత రాత్రులు’ కొన్నాను. రష్యన్‌లో ఉంది. నాన్న చదవలేడు, నేనూ చదవలేను. ట్రంకు పెట్టె మాత్రం మళ్లీ అటక మీద నుంచి దిగింది.